అర్ధశక్తితో పరుగు

నలభై యేళ్ళుగా రోగులకు వ్యాయామాన్ని ఉపదేశిస్తున్న నేను, అరవై నాలుగవ యేట మేడమెట్లు ఎక్కుతూ ఆయాసపడ్డాను. చెప్పేదానికీ చేసేదానికీ పొంతన లేదని సిగ్గు కలిగింది. గుండె పరీక్షలు చేయించుకొని, హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో కొత్తగా పరుగు నేర్చుకొనే బృందంలో చేరాను.

తొలినాడే యువకులతో సమంగా పరుగెత్తబోయి, రెండు నిమిషాలకే కూలబడ్డాను. మా అబ్బాయి ఈడు శిక్షకుడు, "డాక్టరుగారూ, మాట్లాడగలిగినంత వేగమే చాలు. ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక" అన్నాడు. గురుకులంలో వల్లెవేసిన వాగ్భటుని అర్ధశక్తి నియమం అప్పుడు స్ఫురించింది. బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలి. నుదుట, చంకలలో చెమట పట్టి, నోరెండి, నోటితో శ్వాస తీయవలసి వస్తే అదే హద్దు. వేసవిలో ఇంకా తగ్గించాలి.

వారానికి మూడు దినాలు సాధన చేశాను. పరుగుకు ముందు పిక్కలకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన, ముగిశాక నెమ్మదిగా నడక. తొమ్మిది వారాలు గడిచేసరికి అరగంట ఆగకుండా పరుగెత్తగలిగాను.

పాఠకులకు ఒక హెచ్చరిక. పరుగులో ఛాతీనొప్పి గాని, కళ్ళు తిరగడం గాని కలిగితే గృహవైద్యంతో కాలయాపన చేయక, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు రోగికి "వ్యాయామం" అని వ్రాసేటప్పుడు నా కలం తడబడడం లేదు.