రెండు గోలీలు కలిస్తే బలమేనా?

మాది జన్వాడ. మొన్న మా అవ్వకు మూత్రంల మంట, చలిజరం. ఊర్లె సూది ఏసేటాయన రెండు రకాల యాంటీబయాటిక్ గోలీలు ఇచ్చిండు. "ఒకటి పన్జెయ్యకుంటె ఇంకోటి జేస్తది" అన్నడు. నేను గూడ నమ్మిన. రెండెడ్లు కడితే బండి జోరుగ గుంజుతయి గదా!

ఐదొద్దులైనా జరం దిగలే. పట్నంల డాక్టరమ్మ మూత్రం కల్చర్‌కు పంపింది. అవ్వ ఒంట్లున్న బ్యాక్టీరియా ఆ రెండు మందులకూ లొంగదని తేలింది. లొంగే మందు ఒక్కటే రాసిచ్చింది. దాంతోనే తగ్గింది.

మరి రెండు మందులు కలిస్తే ఏమైతదో ఎట్ల తెలుస్తది? దానికి ల్యాబ్‌ల ఒక పరీక్ష ఉన్నది. అరచెయ్యంత ప్లాస్టిక్ పలకల 96 గుంటలుంటయి. అడ్డం ఒక మందును, నిలువు ఇంకో మందును సగం సగం తగ్గించుకుంట పోస్తరు. అన్ని గుంటలల్ల ఒక్కతీరుగ బ్యాక్టీరియా ఏసి, రాత్రంత వెచ్చగ ఉంచుతరు. తెల్లారి గుంట మబ్బుగ ఉంటే బ్యాక్టీరియా పెరిగినట్టు, తేటగ ఉంటే ఆగినట్టు. చదరంగం బల్ల లెక్క ఉంటది గన్క దీన్ని చెకర్‌బోర్డ్ అంటరు.

లెక్క అల్కగనే ఉంటది. ఒక్కొక్క మందు ఒంటరిగ 8 పాళ్లు కావాల్సినకాడ, కలిపితే రెండూ 2 పాళ్ల చొప్పున సరిపోయినయనుకో. పావు, పావు కలిపితే 0.5. లెక్క 0.5 గాని, అంతకన్న తక్కువ గాని వస్తే మంచి జోడీ. 4 దాటితే ఒకదానికొకటి అడ్డం. నడుమ వస్తే కలిపినందుకు పెద్ద ఫాయిదా లేదు.

అడ్డమెట్లయితదంటరా? మన భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన నడిపిన లెడర్లే కంపెనీల ఆరియోమైసిన్ పుట్టింది. 1948ల లోకానికి తెలిసింది. మంచి మందే. కని మెదడు పొరలకొచ్చే న్యుమోకాకల్ మెనింజైటిస్‌కు పెన్సిలిన్‌తోని కలిపి ఇస్తే, ఒట్టి పెన్సిలిన్ తీసుకున్నోళ్లకన్న ఎక్కువమంది చచ్చిపోయిన్రని 1951ల అమెరికా డాక్టర్లు రాసిన్రు. ఎందుకంటే పెన్సిలిన్ పెరుగుతున్న బ్యాక్టీరియా గోడను చెడగొట్టి సంపుతది. ఆరియోమైసిన్ ఆ పెరుగుడునే ఆపుతది. గోడ కట్టుడే ఆగితే పెన్సిలిన్‌కు పనేమున్నది?

అట్లని కలిపిన మందులన్నీ చెడ్డయి గావు. టీబీకి మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపే ఇస్తరు. ఒకదాన్ని తప్పించుకున్న బ్యాక్టీరియాను ఇంకోటి పడ్తది. ఆ జోడీ ఏండ్ల తరబడి పరీక్షలల్ల నెగ్గింది, మధ్యల ఆపొద్దు. ఇంకోదిక్కు, 2018 సెప్టెంబర్ల కేంద్రం 328 రకాల కలిపిన మందులను బంద్ పెట్టింది. కలిపినందుకు వైద్యంల సరైన కారణం లేదన్నది.

గందుకే తమ్మీ, చెల్లే, చేతుల గోలీలు పెడితే అడుగుండ్రి: ఇండ్ల యాంటీబయాటిక్ ఎన్ని? రెండెందుకు? కల్చర్ చేపియ్యాల్నా? చేపిస్తే మొదటి గోలీ మింగకముందే నమూనా ఇయ్యాలె. మేం అడగక ఐదొద్దులు పోగొట్టుకున్నం.