పాత కిటికీని ఎప్పుడు మార్చాలి?

వానాకాలంలో కిటికీ రెక్క బిగుసుకుపోయినా, కింద గోడ చెమ్మగిల్లినా, వేసవిలో గది ఉడికిపోయినా ఇప్పుడు వినిపించే సలహా ఒక్కటే: ‘కిటికీలు పాతబడ్డాయి, తీసేసి యూపీవీసీ పెట్టించండి.’ ఆ బాధలు నిజమే. వాటి మూలం మాత్రం చాలాసార్లు కిటికీలో ఉండదు. గోడలో, సన్‌షేడ్‌లో, కొట్టుకుపోయిన పెయింటులో, వదులైన బందుల్లో ఉంటుంది. మూలం అక్కడే ఉండగా కిటికీ మారిస్తే డబ్బు పోతుంది, బాధ మిగులుతుంది. కాబట్టి కిటికీ ఎన్నేళ్ల నాటిదని కాక, చట్రంలో బలం మిగిలిందా, కిటికీ చేయాల్సిన పనుల్లో ఏది ఆగిపోయిందని చూడాలి.

‘ఉబ్బిన కిటికీ పాడైపోయినట్టే’ అన్నది మొదటి అపోహ. కర్ర గాలిలోని తేమను పీల్చుకుంటుంది, గాలి పొడిబారితే వదులుతుంది. నార వెంట పొడవులో దాదాపు మార్పుండదు, నారకు అడ్డంగానే ఉబ్బుతుంది. అందుకే శ్రావణ భాద్రపదాల్లో చట్రానికి ఒరుసుకున్న రెక్క మాఘమాసానికి తనంతట తానే సులువుగా మూతపడుతుంది. వానల్లోనే చిత్రిక పట్టిస్తే వేసవికి వేలు దూరేంత సందు మిగులుతుంది. అసలు లోపం తరచుగా రెక్క పై అంచులోనూ కింది అంచులోనూ ఉంటుంది. కంటికి కనపడవని అక్కడ పెయింటు వేయరు. నార తెగిన ఆ కొసలే నీటిని అన్నిటికంటే వేగంగా పీలుస్తాయి. కర్ర బాగా ఆరిన వేసవిలో ఆ అంచులకు ప్రైమరు, పెయింటు పట్టిస్తే మరుసటి వానలకు తేడా తెలుస్తుంది. ఏడాది పొడుగునా ఒరుసుకునే రెక్క సంగతి వేరు. అది ఉబ్బలేదు, బందులు వదులై కిందికి జారింది. మరలు మార్చి బిగించడం వడ్రంగికి కాసేపటి పని.

నీళ్లు కారడం గురించిన అపోహ ఇంకా ఖరీదైనది. కిటికీ కింద తడి కనిపిస్తే కిటికీయే కారుతోందనుకుంటాం. సన్‌షేడ్ గోడను కలిసే చోట సన్నని పగులున్నా, సన్‌షేడ్ వాలు గోడవైపుకే ఉన్నా, చట్రానికీ గోడకూ మధ్య సిమెంటు రాలిపోయినా నీరు గోడ లోపల దిగి కిటికీ దగ్గరే బయటపడుతుంది. అదే గోడలో కొత్త కిటికీ పెడితే అదే నీరు మళ్లీ అక్కడికే వస్తుంది. పొడి రోజున ఇంట్లోనే పరీక్షించవచ్చు. పైపుతో ముందు కిటికీ గడప మీద, తర్వాత పక్కల, చివర సన్‌షేడ్ మీద, ఒక్కో చోట కొంతసేపు నీళ్లు వదిలి లోపల గమనించాలి. కింది నుంచి పైకి వెళ్లాలి, ఎందుకంటే పైన పోసిన నీరు అన్ని చోట్లనూ తడిపి ఏదీ తేల్చదు. స్లైడింగ్ కిటికీ అయితే ముందు కింది ట్రాక్ బయటి వైపున్న చిన్న రంధ్రాలను చూడాలి. దుమ్ముతో అవి పూడితే ట్రాక్ నిండి నీరు గదిలోకి పొర్లుతుంది. చెదల విషయంలోనూ ఇంతే. చెదలు నేలలోంచి గోడ గుండా మట్టి దారులు కట్టుకుని వస్తాయి. కర్ర కిటికీ తీసేస్తే వాటి దారి మూసుకుపోదు, తలుపు మీదికో అలమారా మీదికో మళ్లుతుంది.

వేడి విషయంలో గట్టిగా చెప్పాల్సినవి రెండున్నాయి. యూపీవీసీ చట్రం ఇంటిని చల్లగా ఉంచుతుందన్న మాట అల్యూమినియంతో పోలిస్తేనే నిజం. వేడిని పాకనివ్వకపోవడంలో కర్రకూ దానికీ పెద్ద తేడా లేదు. టేకు కిటికీ తీసి యూపీవీసీ పెట్టినవాళ్లకు ఆ లాభం దక్కదు. రెండోది, చట్రం కంటే అద్దం విస్తీర్ణం ఎక్కువ. మామూలు పారదర్శకమైన అద్దం తన మీద పడే ఎండ వేడిలో సుమారు 85 శాతాన్ని లోపలికి పంపుతుంది. అలాంటివే రెండు పెట్టి మధ్య ఖాళీ వదిలినా నాలుగింట మూడు వంతుల వేడి వస్తూనే ఉంటుంది. జంట అద్దం లోపలికీ బయటికీ ఉష్ణోగ్రత తేడా బాగా ఉన్నచోట మేలు చేస్తుంది. చలిదేశాల్లో ఆ తేడా 30 డిగ్రీలు దాటుతుంది; మే నెల విజయవాడలో బయట 44 డిగ్రీలున్నా, ఏసీ లేని గది లోపలా అంత తక్కువేం ఉండదు. మన దగ్గర పడమటి కిటికీకి కావలసింది ఎండను అద్దం దాకా రానివ్వని నీడ: వెడల్పాటి సన్‌షేడ్, బయట దించే వెదురు తడిక, చెట్టు. లోపలి కర్టెన్ ఎండను ఆపేసరికే వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది.

కిటికీ మార్చడంలో జరిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తున్న పాత కిటికీ రెక్కలు రెండూ తెరిస్తే దాదాపు 20 చదరపు అడుగుల గాలి దారి. అదే చోట స్లైడింగ్ పెడితే ఒక అద్దం వెనక్కి ఇంకొకటి జరుగుతుంది తప్ప సగానికి మించి తెరుచుకోదు. కేంద్రం 2018లో తెచ్చిన ఇళ్ల ఇంధన నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’ ప్రకారం, కోస్తా ఆంధ్ర లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో బయటికి తెరుచుకునే కిటికీలు, తలుపులు, వెంటిలేటర్ల వైశాల్యం కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలి. హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణంలో 12.5 శాతం. స్లైడింగ్ వల్ల తగ్గే గాలి తిరిగి ఏసీ బిల్లులో కనపడుతుంది.

కర్రకు పెయింటు ఖర్చు, యూపీవీసీకి అది లేదు కదా అన్న అభ్యంతరం సబబైనదే. రోడ్డు పక్క పడకగదిలో హోరు, దుమ్ము తగ్గాలన్నా, రోజంతా ఏసీ నడవాలన్నా రబ్బరు అంచులతో బిగుతుగా మూసుకునే రెక్కల కిటికీ నిజంగా మేలు. అయితే అది ఆ ఒక్క గదికి కావలసిన మార్పు, ఇంటి కిటికీలన్నీ పీకడానికి కారణం కాదు. పైగా ఆ రబ్బరూ గట్టిపడుతుంది, చక్రాలూ అరుగుతాయి. విడిభాగాలు ఊళ్లో దొరుకుతాయో లేదో కొనే ముందే అడగాలి.

మార్చక తప్పని కిటికీలూ ఉన్నాయి. చట్రం అడుగున, గోడను తాకే మూలల్లో స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. చేవదేలిన కర్ర ఎదురు నిలుస్తుంది. మొన మెత్తగా దిగిపోయి, రెండు నిలువు కమ్మీల అడుగులూ అలాగే ఉంటే చట్రం పోయినట్టే. ఒక్క మూలే కుళ్లితే ఆ ముక్క కోసి కొత్త కర్ర అతకవచ్చు. పాత క్వార్టర్లలోని ఇనుప కిటికీల తుప్పు అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమించి చుట్టూ ప్లాస్టరును పగలగొడుతుంది. ఆ దశలో పైపూత పనికిరాదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి అల్యూమినియం మీద తెల్లని పొక్కులు, గుంటలు వస్తాయి. అవి మూలల అతుకుల దాకా పాకి కిటికీ కదులుతుంటే తీసేయాల్సిందే. జంట అద్దాల మధ్య ఆవిరి పట్టిందంటే దాని సీలు పోయింది. అక్కడ అద్దం మార్చాలి, చట్రం కాదు.

మార్చడమే అని తేలితే, పాత చట్రం తీసిన వెంటనే ఆ ఖాళీ చుట్టూ తడి ఎక్కడుందో చూసి, సన్‌షేడ్ పగుళ్లు పూడ్పించి, బయటి గడపకు బయటివైపు వాలు ఇప్పించి, చెదల మందు కొట్టించి, అప్పుడే కొత్తది బిగించనివ్వాలి. బిగించాక చేద్దామంటే కొత్త చట్రం చుట్టూ మళ్లీ సిమెంటు పగలగొట్టాల్సి వస్తుంది.