సన్నని పైపుకు నిండైన అతుకు

ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని మన ప్రాంతపు అరవ సామెత. కయత్తారులో పుట్టి పెరిగిన వారికి ఆ మాటలో అతిశయోక్తి ఏమంతగా కనబడదు. పడమటి కనుమలలో సెంగోట్టై దగ్గరి సందులోనుంచి దూరి వచ్చే గాలి వైకాశి నెల మొదలు పురట్టాసి దాకా మన మెరక పొలాలమీద తెరిపి లేకుండా వీస్తుంది. ఆ గాలిని నమ్ముకొనే ఇక్కడ గాలిమరలు వరుసలు తీరి నిలిచినవి. 1998లో చెన్నైలో ఏర్పడిన పవన శక్తి సంస్థకు కొత్త మరలను పరీక్షించే కేంద్రం కూడా మన కయత్తారులోనే ఉన్నది. ఇంతమందికి వెలుగిచ్చే ఆ గాలే ఒక పిల్లవాని జీవనానికి అడ్డు తగలబోయిన సంగతి, దానివల్ల మేము నేర్చుకొన్న పాఠం పాఠకులకు మనవి చేస్తాను.

నేను కణక్కు రాసే పట్టరైలో ఇనుప మంచాలు, బడి బెంచీలు, కిటికీ చట్రాలు, గేట్లు తయారవుతవి. అన్నిటికీ మూలం సన్నని ఉక్కు పైపు. నా అక్క కొడుకు ఐ.టి.ఐ.లో ఏడాదిపాటు వెల్డింగు చదివి మా వద్దనే పనిలో చేరాడు. పోయిన ఏడాది ఆడి నెలలో ఒక బడికి నలభై బెంచీలు చేయవలసి వచ్చింది. లోపల ఉక్కగా ఉన్నదని వాడు యంత్రాన్ని బయట వేపచెట్టు నీడకు లాక్కొని పని ముగించాడు. అతుకులు నున్నగా, కంటికి ఇంపుగా ఉన్నవి. నేనే వాణ్ణి మెచ్చుకొని బిల్లు రాశాను.

రెండు నెలలు తిరగకముందే ఆరు బెంచీలు వెనక్కి వచ్చినవి. ఒకదాని కాలు పిల్లలు కూర్చుని ఉండగానే ఊడిపోయి, ఒక చిన్నపిల్ల పాదానికి దెబ్బ తగిలింది. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. యజమాని కోపంలో న్యాయం లేకపోలేదు. “ఈ అబ్బాయిని రేపటినుంచి రావద్దని చెప్పండి” అన్నారు. పిల్లవాడు నా బల్ల దగ్గరకు వచ్చి, “మామా, నేను దొంగపని చేయలేదు. నువ్వూ చూశావు కదా, అతుకు ఎంత బాగా వచ్చిందో!” అని కళ్ళనీళ్ళు పెట్టుకొన్నాడు. నాకు జవాబు తోచలేదు.

అప్పుడు మా పెద్ద మేస్త్రిగారు ఒక్కరోజు గడువు అడిగారు. తిరిగి వచ్చిన బెంచీలలో మూడు అతుకులను ఎంచి, రంపంతో అడ్డంగా కోసి నా బల్లమీద పెట్టారు. మొదటి ముక్క లోపల ఇడ్లీ విరిచినట్టు సన్నని బెజ్జాలు. రెండోదానిలో అతుకు పాదంకింది పట్టీమీద ఊరికే కూర్చున్నది గాని దానితో కలవలేదు. రెండింటి నడుమ వెంట్రుకంత గీత స్పష్టంగా కనబడుతున్నది. మూడోదానిలో పైపు గోడ కాలి బొక్కపడగా దానిమీద కరిగిన లోహం మెత్తి పూడ్చినాడు. చుట్టూ ఉన్న పైపు కాగితంలా పలచబడింది.

“గుమాస్తాగారూ, ఈ మూడూ పైకి ఒకటే తీరుగా ఉన్నవి. లోపల మూడు వేరు వేరు జబ్బులు. పిల్లవాని చేతిని అనకండి. చెయ్యి చివర వచ్చేది. దానికి ముందు కుదరవలసినవి చాలా ఉన్నవి” అన్నారాయన.

ఆ మూడు జబ్బులు అర్థం కావాలంటే యంత్రం పని చేసే తీరు కొంచెం తెలియాలి. టార్చి మీట నొక్కగానే చుట్టనుండి సన్నని తీగ దానంతట అదే ముందుకు వస్తుంది. తీగ కొసకూ పైపుకూ నడుమ విద్యుత్తు మండి రెండింటినీ కరిగిస్తుంది. చుట్టూ నాజిల్ లోనుంచి వాయువు దిగి, కరిగిన లోహాన్ని బయటి గాలి తగలకుండా గొడుగు పట్టినట్టు కాపాడుతుంది. కంపెనీ పుస్తకాలలో దీనిని మిగ్ అంటారు; బొగ్గుపులుసు గాలి వాడుతారు కాబట్టి పట్టరైలలో సీ.ఓ.టూ వెల్డింగు అనే పేరే స్థిరపడింది.

ఇది మరీ పాత విద్య కాదు. 1948లో అమెరికాలో కొలంబస్ నగరపు బ్యాటెల్ పరిశోధన సంస్థలో రూపు దిద్దుకొన్నది. మొదట ఖరీదైన జడవాయువుతో అల్యూమినియం అతకడానికి వాడేవారు. 1953లో బొగ్గుపులుసు గాలి వాడుకలోకి వచ్చాక ఉక్కుపనికి చవకగా అందింది. ఆ దశాబ్దం చివరికి తీగ కొస సెకనుకు 20 మొదలు 200 సార్లు కరిగిన మడుగును తాకుతూ, బిందువు బిందువుగా లోహాన్ని వదిలే పద్ధతి కుదిరింది. వేడి తక్కువ కావడంతో సన్నని ఉక్కు దీనికి లొంగింది. మన రాష్ట్రంలోనే తిరుచ్చిలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి ఆధ్వర్యాన 1975నుండి వెల్డింగు పరిశోధన సంస్థ నడుస్తున్నది. విద్య దూరదేశానిదైనా నేర్చుకొనే చోటు దూరం కాదన్నమాట.

ఇక జబ్బులకు వస్తాను. ఇడ్లీ బెజ్జాలకు కారణం మన ఆడి గాలి. గంటకు 8 కిలోమీటర్లు దాటిన గాలి చాలు, వాయువు గొడుగును చెదరగొట్టడానికి. మన ఊళ్ళో ఆ రోజుల్లో చెట్టుకింద అంతకు ఎన్నో రెట్లు వీస్తుంది. పిల్లవాడు అది గమనించి వాయువును ఎక్కువ తిప్పాడు. అది మరీ తప్పు. వాయువు మితిమీరి వస్తే సుడి తిరిగి బయటి గాలిని తానే లోపలికి లాగుతుంది. నిమిషానికి 10 మొదలు 15 లీటర్లు చాలును. గాలివాటున మూడువైపులా రేకు తెరలు నిలపాలి. నాజిల్ లో అంటుకొన్న లోహపు గింజలను తరచుగా గీకివేయాలి. అలాగని తలుపులన్నీ మూసుకొని చేయరాదు. పొగ పోవడానికి దారి ఉండాలి.

రెండో జబ్బు, అతుకు కలవకపోవడం. బెంచీకాలు పైపు గోడ 1.6 మిల్లీమీటర్లు, అంటే 16 గేజి. కింది పట్టీ 3 మిల్లీమీటర్లు. సన్నని దానికి బొక్క పడుతుందేమోనన్న భయంతో పిల్లవాడు వేడి తగ్గించి, మంటను పైపువైపే పట్టాడు. పట్టీ కరగనేలేదు. మందమైన దానికి మంట చూపించి, కరిగిన మడుగును సన్నని దానిమీదికి ఒరిగేటట్టు తేవడం దీనికి విరుగుడు. తీగ కొస టార్చినుండి 8 మొదలు 10 మిల్లీమీటర్లు మించి బయట వేలాడకూడదు. దూరం పెరిగితే కరెంటు పడిపోతుంది, అతుకు పైపైన పేరుకొంటుంది. ఎర్తు పట్టు తుప్పుమీదా రంగుమీదా పెట్టినా ఇదే గతి.

మూడోది బొక్కపడడం. పలకమీద వేడి నాలుగువైపులా పారిపోతుంది. చిన్న పైపులో దానికి పోయేదారి లేదు. చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. అందుచేత మొదటి వైపు చల్లగా, చివరి వైపు కాలిపోయేటంత వేడిగా ఉంటుంది. చెయ్యి ఒకే వేగంతో నడిచినా అతుకు ఒకే తీరుగా రాదు. సమమైన అతుకు అంటే సమమైన వేడి అని మేస్త్రిగారు చెప్పిన మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది.

ఆయన మరునాడు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి మొదటినుంచి చెప్పిన వరుస ఇది.

ముందు అమరిక. పైపు కొసలు సరిగ్గా కోసి, ఆకురాయి పట్టి, గోరు దూరనంత దగ్గరగా కలపాలి. సందు ఉన్నచోట అతుకు నిలవదు, బొక్కే పడుతుంది. అతుకుకు రెండువైపులా అంగుళం మేర నూనె, తుప్పు, రంగు పోయి తెల్లని లోహం కనబడాలి. జస్తాపూత పైపు అయితే ఆ పూత గీకి తీసివేయక తప్పదు. దాని తెల్లని పొగ పీల్చితే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. రెండుకొసలా మూసుకుపోయే పైపుకు కనబడనిచోట 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయాలి. లేకుంటే లోపలి గాలి వేడికి ఉబ్బి, చివరి సందులోనుంచి కరిగిన లోహాన్ని ఊది పారవేస్తుంది.

తరువాత యంత్రం. సన్నని పైపుకు 0.8 మిల్లీమీటరు తీగ తగినది. 16 గేజి పైపుకు సుమారు 60, 70 ఆంపియర్లు, 16, 17 ఓల్టులు; 18 గేజికి అంతకంటె ఒక మెట్టు తక్కువ. తీగ వేగం పెంచితే కరెంటు పెరుగుతుంది. ఓల్టులు పెంచితే అతుకు వెడల్పుగా పరచుకొంటుంది. నూటికి 80 వంతులు ఆర్గాను, 20 వంతులు బొగ్గుపులుసు గాలి కలిసిన వాయువు దొరికితే మంట నెమ్మదిగా ఉండి గింజలు తక్కువ చిమ్ముతవి. ఈ లెక్కలు మొదలుపెట్టడానికే. అదే పైపు తుండుమీద వేసి చూచి సరిదిద్దుకోవాలి. తిరగమోతలో ఆవాలు చిటపటలాడినట్టు ఎడతెగని సన్నని చప్పుడు వస్తే కుదిరినట్టు. టపటపమని పేలుతుంటే తీగ పైపును పొడుస్తున్నదన్నమాట.

ఇక చెయ్యి. ముందు నాలుగు ముఖాలకూ ఎదురెదురుగా చిన్న టాకులు నాలుగు వేసి, మట్టం చూసుకోవాలి. మీట నొక్కకుండా ఒకసారి టార్చిని దారి పొడుగునా నడిపి, మోచెయ్యి ఎక్కడ ఆనుతుందో చూసుకోవాలి. టార్చిని 10, 15 డిగ్రీలు వాల్చి ముందుకు తోస్తూ పోవాలి. లాగితే అతుకు లోతుగా దిగి సన్నని గోడను కాలుస్తుంది. చూపు మంటమీద కాదు, దాని అంచున ఉన్న కరిగిన మడుగుమీద ఉండాలి. మడుగు వెడల్పు మారకపోతే అతుకు వెడల్పూ మారదు.

చదరపు పైపుకు మూలలో మొదలుపెట్టడం, మూలలో ఆపడం కూడదు. బరువు వచ్చి పడేది మూలలమీదనే. ఒక ముఖం నడుమ మొదలుపెట్టి, మూల తిరిగి, పక్క ముఖం నడుమ ఆపాలి. వెంటనే దాని పక్కది కాక ఎదురు మూలకు పోవాలి. అంగుళం పైపుకు ఇట్లా నాలుగు చిన్న పరుగులతో చుట్టు పూర్తి అవుతుంది. వేడి ఒకచోట పోగుపడదు. మరీ సన్నని 18 గేజికి అంతకూ ఓర్చుకోకపోతే, మీట నొక్కుతూ వదులుతూ చుక్క చుక్కగా పోవచ్చును. ఎర్రదనం పూర్తిగా ఆరకముందే రెండో చుక్క మొదటిదానిమీద సగం పడాలి. ఆరిపోయాక వేస్తే ప్రతి చుక్కా చల్లని అతుకే అవుతుంది. మనిషి బరువు మోసే కాళ్ళకు వీలైనంతవరకు చిన్న పరుగులే మేలు.

చివరది పరీక్ష. పైకి చూచి సంతోషించరాదని మా బెంచీలే చెప్పినవి. పని మొదలుపెట్టే ముందు ఒక నమూనా అతికి, రంపంతో కోసి లోపల చూడాలి. మరొకటి పట్టీలో బిగించి సుత్తితో వంచాలి. పైపు వంగి అతుకు నిలిస్తే మంచిది. అతుకు విడిస్తే ఎంత అందంగా ఉన్నా అది పనికిరానిది.

మేనల్లుడు ఆ వారమంతా తుండ్లమీద సాధన చేశాడు. మొదటి రెండురోజులు కోసినవాటిలో బెజ్జాలు కనబడుతూనే ఉన్నవి. రేకు తెరలు నిలిపాక పోయినవి. ఎదురు మూలల వరుస అలవాటయ్యాక బొక్కలూ తగ్గినవి. యజమాని నమూనాలు చూచి మాట మార్చుకొన్నారు గాని, నలభై బెంచీలనూ వెనక్కి తెప్పించి ప్రతి కాలూ మళ్ళీ అతికించారు. ఆ నష్టం చిట్టాలో రాసింది నేనే. అయినా ఆ పద్దు రాసేటప్పుడు నాకు బాధ కలగలేదు. దెబ్బ తగిలిన పిల్ల ఇంటికి మేనల్లుడు తానే వెళ్ళి క్షమాపణ చెప్పివచ్చాడు.

మన కుటుంబాలలో ఇప్పుడు ఎందరో పిల్లలు ఈ పనిలోకి పోతున్నారు. ఇంటికి మంచమో, ఊయల చట్రమో, ముసలివారికి నడక చట్రమో చేయించుకొనని ఇల్లు లేదు. చేయించుకొనేవారు రంగు వేయకముందే ఒకసారి పోయి చూడండి. అతుకుకింద, మూలల దగ్గర, పైపు వెనకవైపు చూడండి. కోసి చూపిన నమూనా అడగండి. మంచి పనివాడు దానికి కోపగించుకోడు. బెజ్జాలను మెత్తతో పూడ్చి రంగు కొట్టినది ఎంత మెరిసినా ఒప్పుకోవద్దు.

ఈ ఏడు ఆడి గాలి మళ్ళీ వచ్చింది. మా పట్టరైలో రేకు తెరలు నిలిచినవి. రోజూ పొద్దున మేనల్లుడు ఆనాటి మొదటి అతుకు కోసి ఆ ముక్క నా బల్లమీద పెట్టి పోతాడు. అది చూచిన తరువాతనే నేను బిల్లు పుస్తకం తెరుస్తాను.