విల్లు చప్పుడు ఆగిన బజారు

నలభై ఏళ్లు పైబడిన పాఠకులకు ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే బజారులోకి ఒక మనిషి వచ్చేవాడు. భుజాన నిలువెత్తు విల్లు, చేతిలో బరువైన కొయ్య. 'పరుపులు ఏకుతాం, దిండ్లు ఏకుతాం' అని కేక వేసేవాడు. పిలిచిన ఇంటి వసారాలో కూర్చుని పాత పరుపు కుట్లు విప్పి, గడ్డకట్టిన దూదిని కుప్ప పోసేవాడు. విల్లు నరాన్ని ఆ దూదికి ఆనించి కొయ్యతో కొడుతుంటే 'తుం తుం' అని బజారంతా వినపడేది. మధ్యాహ్నానికల్లా మట్టి రంగు ముద్దలు కాస్తా తెల్లటి గుట్టగా లేచేవి. పిల్లలు అందులో దూకబోతే ఇంటి పెద్దలు కసిరేవారు. సాయంత్రానికి అదే దూది కొత్త గలేబులోకి ఎక్కేది.

నరసరావుపేటలో ఆ కేక వినపడక చాలా కాలమైంది. మాచర్లలోనూ గురజాలలోనూ అంతే. మొదట విద్యుత్తుతో తిరిగే ఏకుడు యంత్రం వచ్చింది. విల్లుతో రోజంతా చేసే పని అది గంటల్లో చేసేసింది. యంత్రం కొనగలిగిన వాడు దుకాణం పెట్టాడు, కొనలేని వాడు విల్లును అటక ఎక్కించాడు. ఆ తరువాత కొబ్బరి పీచు పరుపు, దాని వెనుక స్పాంజి పరుపు వచ్చాయి. ఇప్పుడైతే పరుపును చాపలా చుట్టి అట్టపెట్టెలో పెట్టి ఇంటి గుమ్మంలో దించి పోతున్నారు. ఆడపిల్ల పెళ్లి సామానులో మంచంతో పాటు దూది పరుపు పెట్టే ఇళ్లు తగ్గాయి. పాత పరుపు విప్పి మళ్లీ ఏకించుకునే ఓపిక కూడా లేదు.

పోయింది మంచిదే కదా అనేవారూ ఉన్నారు. వారి మాటను కొట్టిపారేయలేం. దూది ధూళి ఊపిరితిత్తుల్లోకి పోయి, ఆ పని చేసిన పెద్దల్లో చాలామంది ముసలితనంలో ఆయాసంతో బాధపడ్డారు. ముక్కుకు తువ్వాలు కట్టుకోవడం తప్ప వారికి వేరే రక్షణ లేదు. ఆ ఇళ్ల బిడ్డలు నేడు ఆటో నడుపుతున్నారు, కరెంటు పని చేస్తున్నారు, మిర్చి కొట్లలో లెక్కలు రాస్తున్నారు, గల్ఫ్ వెళ్లారు, టీచర్లయ్యారు. విల్లు పట్టమని వారిని ఎవరూ అడగడం లేదు. అయితే పనితో పాటు ఇంకొకటి కూడా జారిపోతోంది. ఈ వారం చెప్పదలచింది దాని గురించే.

పల్నాడు నల్లరేగడి నేలల్లో ఎప్పటినుంచో పత్తి ఉంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక వరి, మిర్చి పెరిగినా పత్తి పోలేదు. పత్తి ఉన్నచోట దూదేకేవారు ఉంటారు. ఈ ప్రాంతపు ఊళ్లలో సాయిబుల బజారు ఒకటి, దూదేకుల బజారు ఒకటి వేర్వేరుగా కనిపించడం మామూలే. దూదేకులవారి ఇంటి భాష తెలుగు. నమాజు అందరిదీ ఒకటే, ఖిబ్లా ఒకటే. అయినా ఉర్దూ మాట్లాడే ఇళ్లవారు వీరిని ఒక మెట్టు కింద చూడటం, సంబంధం కలుపుకోవడానికి వెనకాడటం మనలో ఉన్న సంగతే. దాచుకుని లాభం లేదు. ఆఖరి హజ్ ప్రసంగం గురించి జుమా ఖుత్బాలో విని, బయటికొచ్చి పెళ్లిచూపుల దగ్గర మరో మాట మాట్లాడుతున్నాం.

ఈ వృత్తి మన చరిత్రలో చిన్నదేమీ కాదు. క్రీ.శ. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ పేరు చివర ఉన్న 'హల్లాజ్' అనే మాటకు అరబ్బీలో దూదేకేవాడు అనే అర్థం. ఉత్తరాదిలో దూదేకే వారు ఆయన పేరు మీదనే మన్సూరీలమని చెప్పుకుంటారు. మన దగ్గర మాత్రం ఇదే వృత్తి పేరు తిట్టు అయింది. 'పింజారి' అనే మాట ఎన్ని నోళ్లలో ఏ అర్థంతో వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. సినిమాల్లోనూ విన్నాం.

ఆ తిట్టును తలెత్తి మోసిన మనిషి ఒకరున్నారు. బుర్రకథ పితామహుడిగా పేరుపొందిన షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టారు. మాచర్ల, గురజాల, కారెంపూడి నేల మీద జరిగిన పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా ఊరూరా వినిపించారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. ఆయన జీవితకథ పుస్తకం పేరు 'పింజారి'. అందరూ తిట్టుగా వాడే మాట అట్ట మీద పేరై నిలిచింది.

ఇక్కడే ఒక చిన్న విషయం గమనించాలి. ఆయన ఇంటిపేరు షేక్. కులం దూదేకుల. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో సర్వసాధారణం. చిక్కంతా ఇక్కడే పుడుతోంది.

ప్రభుత్వ జాబితా ప్రకారం దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అన్నీ ఒకే పద్దు. 1970 నుంచి బీసీ-బి గ్రూపులో ఉన్నారు. ఆ గ్రూపు మొత్తానికి 10 శాతం రిజర్వేషన్. షేక్ అనేది మరో పద్దు. 2007 చట్టంతో ఏర్పడిన బీసీ-ఇ గ్రూపులోది. దానికి 4 శాతం. 2010 ఫిబ్రవరిలో ఆ చట్టాన్ని హైకోర్టు కొట్టివేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది కొనసాగుతూ వచ్చింది. ఏది మేలు, ఏది తక్కువ అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఎవరిది వారు రాయించుకోవాలి.

బడిలో చేర్చే రోజున ఏం జరుగుతుందంటే, తండ్రి 'దూదేకుల' అని చెప్పడానికి మొహమాటపడతాడు. పక్కన నలుగురు ఉంటారు. 'ముస్లిం అని రాయండి సార్' అంటాడు. ఇంటిపేరు షేక్ అని ఉంది కనుక రిజిస్టరులో కులం గడిలో కూడా షేక్ పడుతుంది. పదేళ్లు ఎవరూ చూడరు. ఇంటర్ తరువాత ఇంజనీరింగ్ సీటుకో, ఉద్యోగ దరఖాస్తుకో ధ్రువపత్రం కావలసి వచ్చినప్పుడు తండ్రి పత్రంలో నూర్‌బాష్ అని, బిడ్డ టీసీలో షేక్ అని బయటపడుతుంది. అన్నకు ఒక గ్రూపు, చెల్లికి మరో గ్రూపు ఉన్న ఇళ్లు కూడా ఉన్నాయి. విచారణ అంటారు, పెద్దమనుషుల సాక్ష్యం అంటారు. ఈలోగా కౌన్సెలింగ్ తేదీ దాటిపోతుంది. తెలిసి తప్పు పత్రం తీసుకుంటే అది ఇంకా ప్రమాదం. 1993 చట్టం కింద కలెక్టరు ఆ పత్రాన్ని రద్దు చేయవచ్చు. అప్పుడు వచ్చిన సీటూ, ఉద్యోగమూ రెండూ చిక్కులో పడతాయి.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. గురజాలను కేంద్రం చేయాలని అప్పట్లో ఆందోళనలు కూడా జరిగాయి. ఏమైనా మాచర్లవారు కలెక్టరేటు పని మీద గుంటూరు దాకా పోవలసిన రోజులు పోయాయి. పేటలో అద్దెలు పెరిగాయని గొణుగుతున్నవారు కూడా ఈ ఒక్క సౌకర్యాన్ని కాదనరు. కుల ధ్రువపత్రానికి అంత దూరం కూడా అవసరం లేదు. దరఖాస్తు సచివాలయంలో, సంతకం తహసీల్దారుది. తండ్రి లేదా తాత పాత పత్రం, బడి రికార్డు వెంట ఉంటే పని తేలిక.

తాత పత్రం ఎక్కడుందో చాలా ఇళ్లలో తెలియదు. పాత ట్రంకు పెట్టెల్లో, నిఖానామా పక్కన వెతికితే దొరుకుతుంది. బడి రికార్డులో తప్పు పడి ఉంటే, బిడ్డ ఆ బడిలో ఉండగానే ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి దిద్దించుకోవాలి. టీసీ చేతికొచ్చాక తిరగవలసిన ఆఫీసులు పెరుగుతాయి. జూన్‌లో బడులు తెరుస్తారు. తండ్రి పనికి పోతే, చేర్పించడానికి వెళ్లేది తల్లే. కులం గడి దగ్గర గుమాస్తా తల ఎత్తి అడిగినప్పుడు ఏం చెప్పాలో ముందురోజు రాత్రే ఇంట్లో మాట్లాడుకుని పంపాలి.