కథ కంచికి వెళ్ళాక

మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో కథ చెప్పి, చివర "కథ కంచికి, మనం ఇంటికి" అనేవారా? కంచి తమిళనాడులో ఒక ఊరు. ఆ మాటకు అర్థం తేలికే: కథ అయిపోయింది, ఇక వెళ్ళి పడుకోండి.

వినేవాళ్ళకు అంతే. మరి రాసినవాళ్ళకు? వాళ్ళు కూడా అంత సులువుగా ఇంటికి వెళ్ళగలరా?

ఇంగ్లీషు రచయిత ఆంథొనీ ట్రోలప్ వెళ్ళగలిగారు. ఆయన తపాలా శాఖ ఉద్యోగి. తెల్లవారుజామునే లేచి, గడియారం ముందు పెట్టుకుని నవలలు రాసేవారు. ఒక నవల పూర్తయిన మర్నాడే ఇంకో నవల మొదలుపెట్టానని తన ఆత్మకథలో చెప్పుకున్నారు.

చార్లెస్ డికెన్స్‌కు అలా కుదరలేదు. 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' నవల రాయడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. 1850లో అది ముగిసింది. తనలో కొంత భాగమే తనను విడిచి నీడల్లోకి వెళ్ళిపోతున్నట్టుందని ముందుమాటలో రాశారు. పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లు మీకు తెలుసు కదా! అలసట ఉంటుంది, తృప్తి ఉంటుంది, ఇల్లు మాత్రం బోసిగా ఉంటుంది. కథ ముగించిన రచయిత మనసూ అలాంటిదే.

కొందరికి ముగిసిన కథ మళ్ళీ తలుపు తడుతుంది. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' నాటకం 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. అందరూ మెచ్చుకున్నారు. అయినా ఆయన దాన్ని వదల్లేదు. బాగా పెంచి, తిరగరాసి, 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. ఈనాడు మనం ఎక్కువగా చదివేది ఆ రెండో 'కన్యాశుల్కమే'.

మన మారిషస్‌లోనూ ఇలాంటి రచయిత ఉండేవారు. త్రియోలేలో పుట్టిన అభిమన్యు అనత్ గారు హిందీలో రాశారు. చెరకు తోటల్లో పనిచేసిన ఒప్పంద కూలీల కథ ఆయన నవల 'లాల్ పసీనా'. అది 1977లో వచ్చింది. ఒక్క పుస్తకంతో ఆ కథ ముగియలేదు. తర్వాత ఇంకో రెండు నవలలు రాశారు. చివరి నవల పేరుకు అర్థం, "చెమట కారుతూనే ఉండింది" అని.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. కోరంగి రేవులో ఓడ ఎక్కిన మన పెద్దల్లో చాలామంది తిరిగి ఊరికి వెళ్ళలేదు. ఇల్లు ఇక్కడే కట్టుకున్నారు. వాళ్ళ కథలు మనకు ముక్కలుగానే తెలుసు. "మా తెలుగు బాగుండదు, తప్పులు వస్తాయి" అని మనం వాటిని రాయం. లేదా నాలుగు వాక్యాలు రాసి ఆపేస్తాం. తెలిసిన పెద్దవాళ్ళు వెళ్ళిపోయాక, ఆ కథ ముగించడానికి అడగాల్సిన మనిషే ఉండరు.

అందుకే ఈ నెల ఒక పని చేయండి. ఇంట్లో విన్న ఒక కథను పది వాక్యాల్లో రాయండి. తెలియని చోట పెద్దవాళ్ళను అడగండి. చివరి వాక్యం మాత్రం తప్పకుండా రాయండి. తర్వాత వాళ్ళకే చదివి వినిపించి, "కథ కంచికి" అనండి.

తప్పులుంటాయి. ఉండనివ్వండి. గురజాడ గారు పన్నెండేళ్ళకు దిద్దుకున్నారు. మీరు వచ్చే ఉగాదికి దిద్దుకోవచ్చు.