మానై వంగిన ముగ్గురు పోలీసులు

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం మనం. ఇంగ్లిష్‌ వాళ్లు అదే మాటని కుక్క మీద పెట్టి చెబుతారు. ముసలి కుక్కకి కొత్త విద్యలు నేర్పలేం అని వాళ్ల సామెత. ఆ సామెతలోని ‘కొత్త విద్యలు’ అన్న ముక్క తీసుకుని బీబీసీ వాళ్లు ఒక సీరియల్‌కి పేరు పెట్టారు. అదే ‘న్యూ ట్రిక్స్‌’. 2003లో ఒకే ఒక్క ఎపిసోడ్‌గా వచ్చింది. జనానికి నచ్చింది. 2004 నుంచి సీజన్లుగా నడిచి, 2015లో 12వ సీజన్‌తో ముగిసింది. మొత్తం 107 ఎపిసోడ్లు.

క్రైమ్‌ సిరీస్‌ అనగానే మన ఫోన్లలో కనిపించేవి ఎలా ఉంటాయి? ఎప్పుడూ వాన, ఎప్పుడూ చీకటి, మూడు రోజులుగా నిద్రపోని హీరో. ఇందులో అవేం ఉండవు. ముగ్గురు రిటైర్డ్‌ పోలీసులు ఆఫీసులో టీ తాగుతూ, కీళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటూ, పాతికేళ్ల కిందటి హత్య కేసు తేలుస్తుంటారు. వినడానికి ఇంతే. కానీ ఇరవైల్లో ఉండి, రోజూ ల్యాప్‌టాప్‌ ముందు కూర్చునే నాలాంటి వాళ్లకి ఇందులో చాలా ఉంది.

నలుగురు, నాలుగు దిక్కులు

ముందు కథ. లండన్‌ పోలీసుల్లో సాండ్రా పుల్మన్‌ (అమాండా రెడ్‌మన్‌) చురుకైన ఆఫీసర్‌. కెరీర్‌ రయ్యిన దూసుకుపోతోంది. ఒక బందీని విడిపించే ఆపరేషన్‌ బెడిసికొడుతుంది. ఆ గందరగోళంలో ఆమె ఒక కుక్కని కాల్చేస్తుంది. బ్రిటన్‌లో కుక్కని చంపడం అంటే మామూలు విషయం కాదు, పరువు మొత్తం పోయింది. పై అధికారులు ఆమెని తీసుకెళ్లి ఓ మూల విభాగంలో పడేస్తారు. దాని పని, తేలకుండా మిగిలిపోయిన పాత కేసుల దుమ్ము దులపడం. టీమ్‌ ఎవరయ్యా అంటే, ఉద్యోగం వదిలి వెళ్లిపోయిన ముగ్గురు డిటెక్టివ్‌లు.

జాక్‌ హాల్ఫర్డ్‌ (జేమ్స్‌ బోలమ్‌) పెద్దమనిషి. ఒకప్పుడు సాండ్రాకి పని నేర్పిన గురువు. ఇప్పుడు ఆమె కిందే పనిచేయాలి. ఆయన భార్య చనిపోయింది. రోజూ సాయంత్రం పెరట్లో కూర్చుని ఆమెతో కబుర్లు చెబుతుంటాడు. బ్రయాన్‌ లేన్‌ (ఆలన్‌ ఆర్మ్‌స్ట్రాంగ్‌) తాగుడు మానడానికి పోరాడుతున్న మనిషి. మనసు నిలకడ తక్కువ, జ్ఞాపకశక్తి మాత్రం అమోఘం. ఏ కేసులో ఏ రోజు ఎవరు ఏమన్నారో ఫైలు చూడకుండా చెప్పేస్తాడు. గెర్రీ స్టాండింగ్‌ (డెనిస్‌ వాటర్‌మన్‌) మాటకారి, భోజనప్రియుడు. మాజీ భార్యలే ముగ్గురున్నారు. విచిత్రం ఏంటంటే వాళ్లందరితోనూ సఖ్యంగానే ఉంటాడు.

వీళ్లకి అరెస్టు చేసే అధికారం లేదు, చట్టం దృష్టిలో మామూలు పౌరులు. ముగ్గురికీ రూల్సంటే చిరాకు. సాండ్రాకి రూల్సే ప్రాణం. కామెడీ మొత్తం ఇక్కడే పుడుతుంది. వీళ్లకి ఒకరి మాట ఒకరికి పడదు, కానీ ఒకరు లేకపోతే ఇంకొకరికి పని జరగదు.

ఓ సరదా సంగతి. డెనిస్‌ వాటర్‌మన్‌ 1970ల్లో ‘ది స్వీనీ’ అనే పేరుమోసిన పోలీస్‌ సీరియల్‌లో కుర్ర సార్జెంట్‌గా చేశాడు. గోడలు దూకి, దొంగల్ని తరిమి కొట్టిన అదే మనిషి పాతికేళ్ల తర్వాత మెట్లెక్కితే ఆయాసపడే గెర్రీగా వచ్చాడు. అప్పటి ప్రేక్షకులకి ఇది పెద్ద కిక్కు. ‘న్యూ ట్రిక్స్‌’ టైటిల్‌ సాంగ్‌ పాడింది కూడా ఆయనే. ఇంకోటి, సీరియల్‌లో బ్రయాన్‌ భార్యగా చేసిన సూజన్‌ జేమ్‌సన్‌ నిజ జీవితంలో జాక్‌ పాత్రధారి బోలమ్‌ భార్య.

ల్యాబ్‌ చెప్పేది, మనిషి చెప్పేది

పాత కేసు మళ్లీ ఎందుకు తెరుస్తారు? చాలాసార్లు కారణం టెక్నాలజీ. ఇది కల్పన కాదు. 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌ యూనివర్సిటీలో అలెక్‌ జెఫ్రీస్‌ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ కనిపెట్టాడు. ఆ దగ్గర్లోనే జరిగిన ఇద్దరు అమ్మాయిల హత్యల్లో, చేయని నేరం ఒప్పుకున్న ఓ కుర్రాడిని ముందు కాపాడింది డీఎన్‌ఏనే. తర్వాత అసలు నేరస్థుడు దొరికాడు, 1988లో శిక్ష పడింది. 1995లో బ్రిటన్‌ జాతీయ డీఎన్‌ఏ డేటాబేస్‌ మొదలుపెట్టింది. దాంతో అరల్లో మగ్గుతున్న పాత చొక్కాలకీ, దుప్పట్లకీ నోరొచ్చినట్టయింది. అక్కడి పోలీసులు పాత కేసుల సమీక్షకి రిటైర్డ్‌ డిటెక్టివ్‌లని నిజంగానే పనిలోకి తీసుకుంటారు.

ఎందుకు తీసుకుంటారు? డీఎన్‌ఏ వచ్చాక మనుషులతో పనేంటి? సీరియల్‌ ప్రతి వారం చెప్పే జవాబు ఇదే. చొక్కా మీద ఫలానా వాడి రక్తం ఉందని ల్యాబ్‌ చెబుతుంది. వాడు ఆ రోజు ఆ పబ్‌లోకి ఎందుకెళ్లాడు, పక్కన కూర్చున్నవాడు అప్పట్లో ఎవరికి భయపడేవాడు, స్టేట్‌మెంట్‌లో ఒక పేరా ఎందుకు ఎగిరిపోయింది, ఇవి ల్యాబ్‌ చెప్పదు. అక్కడ బ్రయాన్‌ బుర్ర కావాలి, గెర్రీ పాత పరిచయాలు కావాలి.

మా ఫీల్డ్‌లో దీన్నే లెగసీ కోడ్‌ అంటాం. నేనున్న ప్రాజెక్టులో ఒక జాబ్‌ కొన్ని నెలల్లో మాత్రమే, అదీ నెలాఖరు రాత్రి ఫెయిలయ్యేది. లాగ్స్‌ అన్నీ ఉన్నాయి, డాష్‌బోర్డులు ఉన్నాయి, ఏఐ టూల్‌ కూడా ఉంది. ఏ లైన్‌ దగ్గర పడిపోతోందో అవి కచ్చితంగా చెప్పాయి. ఎందుకు పడిపోతోందో చెప్పింది మాత్రం యాభై దాటిన మా సీనియర్‌ సార్‌. ‘‘నెలాఖరు ఆదివారం పడితే క్లయింట్‌ ఫైలు ఆలస్యంగా వస్తుందమ్మా. అప్పట్లో టెంపరరీగా ఒక కండిషన్‌ పెట్టాం. అది అలాగే ఉండిపోయింది’’ అన్నారు. పదకొండేళ్ల కిందటి సంగతి అది. ఎక్కడా డాక్యుమెంట్‌లో లేదు, ఆయన తలలో ఉంది. ఆరు నెలల తర్వాత వచ్చిన లేఆఫ్‌ లిస్టులో ఆయన పేరు కూడా ఉంది. జీతం ఎక్కువ, స్కిల్స్‌ పాతవి అని చెప్పారట. ఆయన సిస్టమ్‌ తిరిగి ఇచ్చేసి వెళ్లిపోయారు. దాంతోపాటు ఆ ప్రాజెక్టు చరిత్ర కూడా గేటు దాటి వెళ్లిపోయింది.

ఇది మా ఒక్కళ్ల కథ కాదు. 2000 సంవత్సరం వస్తుంటే వైటూకే సమస్య కోసం పాత కోబాల్‌ ప్రోగ్రామర్లని ఇళ్ల నుంచి వెనక్కి పిలిచారు. మన తెలుగు కుర్రాళ్లు ఎంతోమంది కోబాల్‌ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కింది కూడా ఆ గాలిలోనే. ఆ తర్వాత కోబాల్‌ అంటే మ్యూజియం సరుకన్నారు. 2020 ఏప్రిల్‌లో, కొవిడ్‌ దెబ్బకి నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, న్యూజెర్సీ గవర్నర్‌ కోబాల్‌ తెలిసినవాళ్లు సాయానికి రావాలని బహిరంగంగా అడగాల్సి వచ్చింది. మనిషిని పంపేయడం ఒక మెయిల్‌తో అయిపోతుంది. వెనక్కి పిలవడం అంత తేలిక కాదు.

పాతదంతా బంగారం కాదు

ఇక్కడ ఆగితే ఇది ‘పెద్దల మాట చద్దన్నం మూట’ టైపు సీరియల్‌ అయ్యేది. నాకు నచ్చింది వేరే. ‘న్యూ ట్రిక్స్‌’ పాత రోజుల్ని పొగుడుతూ కూర్చోదు. అసలు ఆ కేసులు అన్నేళ్లు తేలకుండా ఎందుకు ఉండిపోయాయి? చాలాసార్లు ఆ కాలం పోలీసుల వల్లే. బెదిరించి రాయించుకున్న వాంగ్మూలాలు, లంచాలు, ఆడవాళ్లు చెబితే నవ్వి పక్కన పడేసిన ఫిర్యాదులు. ఈ ముగ్గురూ ఫైలు తెరిస్తే లోపల కనిపించేది ఒక్కోసారి తమ పాత స్నేహితుడి తప్పే. గెర్రీ మీదే అవినీతి అనుమానం ఉంది. బ్రయాన్‌ డ్యూటీలో ఉండగా కస్టడీలో ఒకడు చనిపోయాడు. ఆ మచ్చ అతన్ని చివరిదాకా వదలదు.

అందుకే సాండ్రా కావాలి. ‘మా రోజుల్లో ఇలాగే చేసేవాళ్లం’ అని వాళ్లు మొదలుపెట్టినప్పుడల్లా, అలా చేసినందుకే కేసు ఇక్కడిదాకా వచ్చిందని గుర్తుచేసేది ఆమే. తనకంటే పెద్దవాళ్లైన ముగ్గురు మగాళ్లని, అందులో తన గురువుని, ఒక ఆడ బాస్‌ నడపడం ఎంత కష్టమో టీమ్‌ లీడ్‌గా ఉన్న అమ్మాయిలెవరిని అడిగినా చెబుతారు. సాండ్రా వాళ్ల అనుభవాన్ని వాడుకుంటుంది, వాళ్ల అలవాట్లని మాత్రం ఆఫీసులోకి రానివ్వదు. ఈ తేడా తెలిసిన మేనేజర్‌ దొరకడం అదృష్టం.

మరి ఈ ముసలి కుక్కలు కొత్త విద్యలు నేర్చుకున్నాయా? నేర్చుకున్నాయి, గొణుక్కుంటూ. సాండ్రా కూడా నేర్చుకుంది. మొదటి ఎపిసోడ్‌లో శిక్షగా వచ్చిన ఉద్యోగాన్ని తర్వాత ఆమే వదులుకోలేకపోయింది.

సీరియల్‌ మీద కంప్లయింట్లు లేవా అంటే ఉన్నాయి. కొన్ని కేసులు మరీ సులువుగా తేలిపోతాయి. 2012లో బోలమ్‌, 2013లో ఆర్మ్‌స్ట్రాంగ్‌, రెడ్‌మన్‌ వెళ్లిపోయాక కొత్తవాళ్లు బాగానే చేసినా, ఆ మొదటి నలుగురి మధ్య ఉన్న గిల్లికజ్జాలు మళ్లీ రాలేదు. వాటర్‌మన్‌ ఒక్కడే చివరి సీజన్‌ దాకా లాక్కొచ్చాడు. ఆయన 2022లో కన్నుమూశాడు. చూడాలనుకుంటే 2003 నాటి తొలి ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి, మధ్యలో దూకొద్దు.

చూసేటప్పుడు ఒక్కటి గమనించండి. దాదాపు ప్రతి కేసులోనూ ఎవరో ఒక తల్లో, చెల్లో, కొడుకో ఉంటారు. ఇరవై ఏళ్లుగా ఎవరూ వాళ్ల తలుపు తట్టలేదు. ఇప్పుడు ఎదురుగా నెరిసిన జుట్టుతో ఒక పెద్దాయన నిలబడి, ‘‘మీ వాడి కేసు మళ్లీ చూస్తున్నాం’’ అంటాడు. వాళ్లు వెంటనే ఏమీ అనరు. కాసేపాగి, లోపలికి రమ్మంటారు.