రోజాల నెలలో గుండె మందులు

రంజాన్ సమీపిస్తోందంటే కొన్ని ఇళ్ళలో ఒక మాట వినిపిస్తుంది: ‘‘ఈ నెల్నాళ్ళూ మందులు పక్కన పెడతాను.’’ మా బంధువర్గంలోని ఒక పెద్దాయన కూడా అలాగే అన్నారు. గుండెపోటు వచ్చి, స్టెంటు వేసి అప్పటికి ఐదు నెలలే. ‘‘నొప్పి లేదు, ఆయాసం లేదు. ఇంకా బిళ్ళలెందుకు బేటా?’’ అని మమ్మల్నే అడిగారు.

అవి నొప్పికి ఇచ్చిన బిళ్ళలు కావు. ఇరుకైన రక్తనాళాన్ని తెరచి ఉంచే సన్నని లోహపు జాలీయే స్టెంటు. అందులో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, దానికి తోడు క్లోపిడోగ్రెల్ వంటి మరొకటి ఇస్తారు. ఈ రెండోది సాధారణంగా ఏడాదిపాటు వాడాలి. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఆ తర్వాత కూడా కొనసాగుతాయి. తొలి నెలల్లో సొంతంగా మానేస్తే స్టెంటు మూసుకుపోయి మళ్ళీ గుండెపోటు రావచ్చు. మానిన రోజున మాత్రం ఏ తేడా తెలియదు, మోసమంతా అక్కడే ఉంది.

వ్యాధిగ్రస్తులకు రోజాల నుంచి మినహాయింపు ఉన్నట్లు దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో ఉంది. కోలుకున్నాక ఆ రోజాలు పూర్తి చేసుకోవచ్చు, ఆ ఆశ లేనివారు ఫిద్యా ఇస్తారు. ఇది తెలియని వారెవరు? అయినా మనవలు సైతం రోజా ఉన్న ఇంట్లో పగలు పళ్ళెం ముందు కూర్చోవడానికి పెద్దవారికి మనసొప్పదు. ఆ బిడియం పోగొట్టవలసింది ఇంట్లోవారే.

పరిస్థితి నిలకడగా ఉన్నవారిలో పలువురికి డాక్టర్లు రోజాకు అనుమతిస్తారు. రోజుకు రెండు పూటల మందులైతే సహరీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటిగా సర్దుతారు. మూడు పూటలవి ఉంటే మార్చి రాయగలరేమో అడగాలి. ఒంట్లో నీరు తగ్గించే బిళ్ళ వాడేవారికి పగలంతా దాహంతో ఉండటం ప్రమాదం కావచ్చు. ఇవన్నీ షాబాన్‌లోనే అడిగి తెలుసుకోవాలి, నెలవంక కనిపించాక కాదు.

బిళ్ళల సంఖ్య చూసి విసుగెత్తడమూ సహజమే. మూడు మందులను ఒకే బిళ్ళగా ఇచ్చి చూసిన సెక్యూర్ అధ్యయనం 2022లో వెలువడింది. గుండెపోటు వచ్చిన సుమారు 2,500 మంది వృద్ధులలో ఒకే బిళ్ళ వాడినవారికి గుండెపోటు, పక్షవాతం వంటివి 9.5 శాతం, విడివిడిగా వాడినవారికి 12.7 శాతం.

మా పెద్దాయన ఆ ఏడు రోజాలు ఉండలేదు. సజ్దాలో వంగితే ఏమవుతుందోనన్న భయంతో కుర్చీలో నమాజు చేసేవారు. డాక్టరు చెప్పినట్లు రోజూ కొంచెం కొంచెంగా నడక పెంచాక ఆ భయం తగ్గింది. ఇఫ్తార్ వేళ దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరాల పక్కన మందుల డబ్బా పెట్టే పని మాత్రం మనవరాలు తీసుకుంది.